"ఆ కాలం అలాంటిది" అనేస్తే సరిపోదు

ఎడిటర్ గారికి నమస్కారం.

ఈ మధ్య మీ పేపర్లో మధ్యయుగాల క్యాథలిక్ వేదాంతం మీద వచ్చిన వ్యాసం, దాని మీద వచ్చిన ఉత్తరాలు అన్నీ చదివానండి. ఒకాయనేమో ఆ రోజులన్నీ చీకటే, ఆడవాళ్లని మనుషుల్లా చూడలేదు, వేరేగా నమ్మినవాళ్లని తగలబెట్టారు, ఇంక మాట్లాడేదేముంది అన్నారు. ఇంకొకాయన జవాబు రాస్తూ ఆ కాలం అలాంటిది, అప్పటివాళ్లని ఇప్పటి కొలతలతో కొలవకూడదు అన్నారు. నాకు రెండూ నచ్చలేదు, అందులో రెండోది అసలు నచ్చలేదు. నేను క్యాథలిక్‌నే, మా వైపు నుంచి ఎప్పుడూ వచ్చే సమాధానం ఇదే, విన్న ప్రతిసారీ బాధేస్తుంది, ఎందుకంటే అది నిజం కాదు కాబట్టి. ఆ కాలంలోనే, తిరుసభ లోపలే, అంటే మా క్యాథలిక్ చర్చి లోపలే, బిషప్పుల్లో పోపుల్లో కూడా ఇది తప్పు అని చెప్పినవాళ్లు ఉన్నారు. వాళ్ల పేర్లు తిట్టేవాళ్లూ ఎత్తరు, వెనకేసుకొచ్చేవాళ్లూ ఎత్తరు.

ముందు థామస్ అక్వినాస్ సంగతి చూద్దాం, ఉత్తరాలన్నిట్లో ఆయన పేరే ఉంది కదా. 1225 ప్రాంతంలో ఇటలీలో పుట్టాడు, డొమినికన్ సభ అనే సన్యాసుల సంఘంలో చేరాడు, 1274లో చనిపోయాడు, 1323లో పునీతుడిగా ప్రకటించారు. 1879లో పోప్ 13వ లియో క్యాథలిక్ చదువులకి ఈయన తత్వశాస్త్రాన్నే పునాదిగా పెట్టుకోమన్నాడు, అంటే ఇది ఎక్కడో మూలన పడున్న పాత పుస్తకం గొడవ కాదు. ఆయన పెద్ద గ్రంథం సుమ్మా థియోలాజికా రాసిన పద్ధతి తెలియకపోతే సగం గొడవలు అక్కడే మొదలవుతాయి. ప్రతి ప్రశ్నలోనూ ముందు తన అభిప్రాయానికి ఎదురుగా ఉన్న వాదనలన్నీ వరసగా పెడతాడు, ఆ తర్వాత తన జవాబు చెప్తాడు, ఆఖర్న ఒక్కో ఎదురు వాదనకీ విడివిడిగా సమాధానం ఇస్తాడు. ఇది తెలియక చాలామంది ఆయన ఖండించడానికి పెట్టిన మాటనే ఆయన మాటగా కోట్ చేస్తుంటారు. కానీ ఇదే పద్ధతి ఆయన్ని వెనకేసుకొచ్చేవాళ్లకి కూడా పెద్ద చిక్కు, ఎందుకంటే ఎదురు వాదన ఆయనకి తెలియదు అనడానికి లేదు, స్వయంగా తన చేత్తోనే రాసిపెట్టాడు.

హెరెటిక్కులు అంటే జ్ఞానస్నానం (బాప్తిస్మం) తీసుకుని కూడా తిరుసభ బోధకి వ్యతిరేకంగా నమ్మేవాళ్లని చంపొచ్చా అనే ప్రశ్న తీసుకోండి. చంపొచ్చు అనే అంటాడు ఆయన. దొంగ నాణేలు చేసేవాడికే రాజులు మరణశిక్ష వేస్తున్నారు, డబ్బు ఈ బతుక్కి పనికొచ్చేది, విశ్వాసం ఆత్మకి ప్రాణం, మరి ఆత్మని చెడగొట్టేవాడిది ఇంకా పెద్ద నేరం కాదా అని ఆయన లెక్క. చర్చి ముందు రెండుసార్లు హెచ్చరించాలి, వినకపోతే బయటకి పంపి ప్రభుత్వానికి అప్పగించాలి, తర్వాతి పని వాళ్లది. ఆ పక్క ప్రశ్నలోనే ఇంకోటి ఉంది, అది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఒకసారి తప్పు ఒప్పుకుని వెనక్కి వచ్చి, మళ్లీ అదే తప్పులో పడి, మళ్లీ పశ్చాత్తాపపడినవాడిని ఏం చెయ్యాలి అంటే, పాపసంకీర్తనం ఇవ్వండి, పాపక్షమాపణ ఇవ్వండి, కానీ మరణశిక్ష నుంచి మాత్రం తప్పించొద్దు అంటాడు. దేవుడి పేరుతో క్షమించి ఆ వెంటనే మంటల్లోకి పంపడం అన్నమాట.

ఇప్పుడు ఎదురు వాదనలు చూడండి. మత్తయి సువార్త 13వ అధ్యాయంలో గోధుమలు గురుగుల కథ ఉంది కదా, పనివాళ్లు వచ్చి గురుగులు పీకేయమంటారా అని అడిగితే, వద్దు, కోత దాకా రెండిటినీ కలిసి పెరగనివ్వండి అంటాడు యజమాని. ఈ కథని అక్వినాస్ తనకి ఎదురు వాదనగా తనే పెట్టుకున్నాడు. మరి జవాబేంటంటే, గోధుమలకి దెబ్బ తగులుతుందని భయం ఉన్నప్పుడే ఆ మాట వర్తిస్తుంది, గోధుమలు పాడవకుండా పీకగలిగితే పీకొచ్చు అని. క్రీస్తు పీకొద్దు అని చెప్పిన చోట ఈయన పీకడానికి సందు వెతికాడు. ఎవరి విశ్వాసం గోధుమో ఎవరిది గురుగో కోర్టులో కూర్చున్న మనుషులకి తప్పు లేకుండా తెలిసిపోతుందని ఆయన నమ్మకం, ఆ నమ్మకం మీదే మొత్తం వాదన నిలబడి ఉంది.

పోనీ ఆ కథకి ఆ కాలంలో అందరూ ఇదే అర్థం చెప్పారా అంటే, లేదు. ఇప్పటి బెల్జియంలో ఉన్న లీజ్ నగరానికి 1042 నుంచి 1048 దాకా వాజో అనే బిషప్ ఉండేవాడు. ఫ్రాన్స్ వైపు షాలోన్ బిషప్ తన ప్రాంతంలో హెరెటిక్కులు బయటపడ్డారు, వాళ్లని ఏం చెయ్యాలి అని అడిగితే, వాజో ఇదే గోధుమలు గురుగుల కథ చెప్పి చంపొద్దు అని రాశాడు, ఇవాళ గురుగులా కనిపించినవాడు రేపు గోధుమ కావచ్చు, కోత మన పని కాదు దేవుడి పని అని ఆయన ఆలోచన. అక్వినాస్ పుట్టడానికి దాదాపు 180 ఏళ్ల ముందు సంగతి ఇది! ఇంకా వెనక్కి వెళ్తే 380లలో ట్రియర్ నగరంలో తప్పుడు బోధ చేస్తున్నాడని నింద పడ్డ ప్రిసిలియన్ అనే బిషప్‌ని చక్రవర్తి మాక్సిమస్ చంపించినప్పుడు టూర్స్ బిషప్ మార్టిన్ గట్టిగా ఎదిరించాడు, మిలాన్ బిషప్ ఆంబ్రోస్ అయితే ఆ చావు వెనకున్న బిషప్పులతో సంబంధమే వద్దనుకున్నాడు. ఆ తర్వాతి తరం వేదాంతి అగస్టీన్, డొనాటిస్టులు అంటే ఉత్తర ఆఫ్రికాలో చర్చి నుంచి విడిపోయిన క్రైస్తవుల మీద బలవంతం చెయ్యొచ్చు అని సిద్ధాంతం చేసిన మాట నిజమే, అది తర్వాత వాళ్లందరికీ ఆయుధం అయింది, కానీ ఆయన కూడా వాళ్లకి మరణశిక్ష వెయ్యొద్దని అధికారులకి ఉత్తరాలు రాశాడు.

టార్చర్ సంగతీ అంతే. 866లో బల్గేరియా రాజు బోరిస్ కొత్తగా క్రైస్తవం తీసుకుని బోలెడు ప్రశ్నలు పంపితే పోప్ మొదటి నికోలస్ 106 జవాబులు రాసి పంపాడు. దొంగని కొట్టి ఒప్పించే మీ పద్ధతి దేవుడి చట్టానికీ మనిషి చట్టానికీ విరుద్ధం, ఒప్పుకోలు మనసులోంచి రావాలి, నొప్పికి తట్టుకోలేక చెయ్యని నేరం ఒప్పుకుంటే ఆ పాపం ఎవరిది అని అడిగాడు అందులో. విగ్రహాలు పూజించేవాళ్లని బలవంతంగా మార్చొద్దు, మాటలతోనే ఒప్పించాలి అని కూడా చెప్పాడు. ఒక పోప్ సంతకంతో ఉన్న కాగితం అది. మరి 386 ఏళ్లు గడిచాక 1252లో పోప్ నాలుగో ఇన్నోసెంట్ హెరెటిక్కుల చేత నేరం ఒప్పించడానికి టార్చర్ వాడొచ్చు, అవయవం పోకుండా ప్రాణం పోకుండా చూసుకుంటే చాలు అని అనుమతి ఇచ్చాడు. కాలంతో పాటు మనుషులు మెరుగవుతారు అనే లెక్క ప్రకారం చూస్తే 866 ఆటవికంగా ఉండాలి, 1252 కాస్త మేలుగా ఉండాలి. ఇక్కడ మొత్తం తిరగబడింది. అందుకే కాలాన్ని సాకుగా చూపించకండి అని అడుగుతున్నా. తేడా కాలంలో లేదు, అధికారం ఎంత చేతికొచ్చింది, భయం ఎంత ఉంది అనే దాంట్లో ఉంది. దక్షిణ ఫ్రాన్స్‌లో, ఉత్తర ఇటలీలో కాథరులు అనే హెరెటిక్కుల ఉద్యమం చర్చి పునాదుల్నే కదిలిస్తోంది, 1252 ఏప్రిల్‌లో వెరోనా పీటర్ అనే డొమినికన్ విచారణాధికారిని దారిలో కాపు కాసి చంపేశారు, మే నెలలో ఆ టార్చర్ అనుమతి వచ్చింది. భయపడినవాళ్లు రాసిన చట్టం అది, దాన్ని వేదాంతం అని పిలుచుకున్నారు.

ఆడవాళ్ల విషయానికొస్తే, స్త్రీ అంటే లోపంతో పుట్టిన పురుషుడు అని అక్వినాస్ అన్నాడని ఒక పాఠకుడు రాశారు. అసలు ఆ మాట అరిస్టాటిల్‌ది, అక్వినాస్ దాన్ని ఎదురు వాదనగా పెట్టుకుని, ఒక్కో పుట్టుక వరకు చూస్తే ఆ మాట నిజమే, కానీ మొత్తం సృష్టి పరంగా చూస్తే కాదు, దేవుడు కావాలనే స్త్రీని చేశాడు అని జవాబిచ్చాడు. సగం ఒప్పుకుని సగం తోసేశాడన్నమాట. బిడ్డని తయారు చేసే శక్తి అంతా తండ్రిదే, తల్లి ఇచ్చేది పదార్థం మాత్రమే అనేది అప్పటి శరీరశాస్త్రం, మనుషులతో సహా క్షీరదాల్లో అండం ఉంటుందని 1827 దాకా ఎవరూ చూపించలేదు. ఆ తప్పుకి నేను ఆయన్ని నిలదియ్యను. కానీ అదే చోట, మగవాడికి సహజంగానే వివేకం ఎక్కువ కాబట్టి ఆడది అతని కింద ఉండాలి అని కూడా అంటాడు, దానికీ అండానికీ సంబంధం లేదు, అది చుట్టూ ఉన్న ఏర్పాటుని ప్రకృతి అని పిలవడం. మళ్లీ అదే ప్రశ్న కింద, దేవుడు స్త్రీని తలలోంచి తియ్యలేదు, ఎందుకంటే పురుషుడి మీద పెత్తనం చెయ్యకూడదు, పాదాల్లోంచి తియ్యలేదు, ఎందుకంటే బానిసలా తొక్కకూడదు, పక్కటెముక నుంచి తీశాడు అంటాడు. ఆడవాళ్లు ఇంట్లో బోధించొచ్చు కానీ సభ ముందు బోధించకూడదు అని కూడా రాశాడు. ఆయన పోయి వందేళ్లు గడిచాక అదే డొమినికన్ కుటుంబానికి చెందిన సియెనా కాతరీన్ అనే అమ్మాయి పోప్ 11వ గ్రెగొరీకి అప్పట్లో పోపులు ఉంటున్న ఫ్రాన్స్ వైపు ఊరు ఆవిన్యోన్ వదిలి రోమ్‌కి రమ్మని ఉత్తరాల మీద ఉత్తరాలు రాసింది, ఆయన 1377లో వచ్చాడు కూడా. 1970లో ఆవిడని తిరుసభ పండితుల్లో ఒకరిగా ప్రకటించారు, అక్వినాస్‌కి ఇచ్చిన బిరుదే అది.

పెళ్లి గురించి మాత్రం ఎవరూ రాయలేదు, ఆశ్చర్యం వేసింది. 12వ శతాబ్దంలో పోప్ మూడో అలెగ్జాండర్ కాలానికి స్థిరపడిన నియమం ఏంటంటే, పెళ్లి అయ్యేది అబ్బాయి అమ్మాయి ఇద్దరి ఇష్టంతో, తల్లిదండ్రులు ఒప్పుకున్నారా, ఊరి దొర ఒప్పుకున్నాడా అనేది పెళ్లి చెల్లడానికి అడ్డు కాదు. బానిసల పెళ్లి కూడా యజమాని ఒప్పుకోకపోయినా చెల్లుతుంది. ఎంత పెద్ద మాట అది! కానీ దాని వెనకే కష్టం కూడా వచ్చింది, సాక్షి లేకుండా రహస్యంగా చేసుకున్న పెళ్లి కూడా చెల్లుతుంది కాబట్టి తర్వాత మగవాడు నేను చేసుకోలేదు అనేస్తే ఆడపిల్లకి దిక్కులేదు, 1563లో ట్రెంట్‌లో జరిగిన బిషప్పుల మహాసభ విచారణ గురువు (ఊరి చర్చి ఫాదర్), సాక్షులు ఉండాలి అనే దాకా ఇదే గొడవ. అలాగే దాంపత్య రుణం అని ఒక బోధ, శరీరం విషయంలో భర్తకి ఉన్న హక్కు భార్యకీ సమానంగా ఉంది అన్నారు, వినడానికి బాగుంది, కానీ మామూలుగా ఎవరూ వద్దనకూడదు అని కూడా దానర్థం, ఇంట్లో బలం ఎవరిదో తెలిసిందే కాబట్టి ఆ బరువు ఎవరి మీద పడిందో చెప్పక్కర్లేదు.

నన్ను అన్నిటికంటే కలచివేసేది పసిపిల్లల సంగతి. జన్మపాపం అంటే ఆదాము నుంచి పుట్టుకతో వచ్చే పాపం, అది అందరికీ ఉంది, జ్ఞానస్నానం లేకుండా పోదు, కాబట్టి జ్ఞానస్నానం లేకుండా చనిపోయిన పసికందు కూడా నరకానికే, శిక్ష మాత్రం అందరికంటే తేలిక అన్నాడు అగస్టీన్. 12వ శతాబ్దంలో పీటర్ అబెలార్డ్ దాన్ని మెత్తబరిచి, శిక్ష అంటే దేవుడి దర్శనం లేకపోవడమే, వేరే బాధ ఏమీ ఉండదు అన్నాడు. అక్వినాస్ ఇంకో అడుగు వేసి, ఆ పిల్లలకి తాము ఏం పోగొట్టుకున్నారో తెలియదు కాబట్టి దుఃఖం కూడా ఉండదు, సహజమైన సంతోషంతో ఉంటారు అన్నాడు. స్వర్గమూ కాదు, బాధ పెట్టే నరకమూ కాదు, లింబో అనే ఊహ ఇలా పెరిగింది. వేదాంతులు ఒక్కో తరానికి ఒక్కో మెట్టు దయ పెంచుకుంటూ వచ్చారు, నేను ఒప్పుకుంటా, కానీ ఆ లోపల తల్లుల పరిస్థితి ఏంటి? ఆ బిడ్డని పవిత్రమైన సమాధుల స్థలంలో పాతిపెట్టనిచ్చేవాళ్లు కాదు. స్విట్జర్లాండ్‌లో బెర్న్ దగ్గర ఒబెర్‌బ్యూరెన్ అనే చోట మరియమాత గుడి ఉండేది, చచ్చిపుట్టిన బిడ్డల్ని అక్కడికి ఎక్కడెక్కడి నుంచో మోసుకొచ్చేవాళ్లు. నిప్పుల మధ్య, కొవ్వొత్తుల మధ్య ఆ చిన్న శరీరాన్ని వెచ్చబెట్టి పెదాల మీద ఈక పెట్టేవాళ్లు, వేడికి ఈక కదిలితే ప్రాణం వచ్చింది అని గబగబా జ్ఞానస్నానం ఇచ్చి పాతిపెట్టేవాళ్లు. 1486లో కాన్‌స్టాన్స్ బిషప్ ఇది మూఢనమ్మకం అని రోమ్‌కి ఫిర్యాదు రాశాడు, అయినా 1528లో ప్రొటెస్టెంట్ సంస్కరణ వచ్చి గుడి కూలగొట్టే దాకా జనం ఆగలేదు. 1990లలో అక్కడ తవ్వితే రెండొందలకి పైగా పసిపిల్లల ఎముకలు బయటపడ్డాయి. ఆ తల్లిదండ్రుల్ని మూఢులు అనడానికి నాకు నోరు రాదు, వాళ్లకి చెప్పిన సిద్ధాంతాన్ని వాళ్లు పూర్తిగా నమ్మారు, నమ్మి చెయ్యగలిగింది చేశారు. చదువుకున్నవాళ్లు గదిలో కూర్చుని వరస తప్పకుండా కట్టిన వాదన ఆ తల్లి చేతుల్లోకి వచ్చేసరికి అలా తయారైంది. 2007లో వాటికన్ వేదాంత కమిషన్, అలాంటి పిల్లలు రక్షణ పొందుతారని ఆశించడానికి గట్టి కారణాలు ఉన్నాయి అని చెప్పింది, లింబో అనేది ఎప్పుడూ ఖచ్చితమైన సిద్ధాంతం కాదు అంది. మంచిదే. చాలా ఆలస్యంగా వచ్చిన మంచి.

వడ్డీ, బానిసత్వం గురించి కూడా రెండు ముక్కలు చెప్పాలి. వడ్డీ ఏ కొంచెమైనా పాపమే అన్నారు, 1179 లాటరన్ మహాసభ బహిరంగంగా వడ్డీ వ్యాపారం చేసేవాళ్లకి దివ్యసత్ప్రసాదం అంటే పూజలో ఇచ్చే రొట్టె లేదు, క్రైస్తవ సమాధి లేదు అంది, 1311–12 వియెన్ సభ అయితే వడ్డీ పాపం కాదు అని మొండికేసేవాడు కూడా హెరెటిక్కే అంది. తర్వాత 1462లో ఇటలీలోని పెరూజాలో ఫ్రాన్సిస్కన్లు అనే ఇంకో సన్యాసుల సంఘంవాళ్లు పేదల కోసం తాకట్టు కొట్లు పెట్టి ఖర్చులకని కొద్దిగా వసూలు చేస్తే ఇది వడ్డీయే అని డొమినికన్లలో చాలామంది పోట్లాడారు, 1515లో పోప్ పదో లియో, అది తప్పు కాదు అని తేల్చాడు. బానిసత్వంలో వెనక్కి నడిచారు. 1435లో పోప్ నాలుగో యూజీన్ కానరీ దీవుల్లో బానిసలుగా పట్టుకున్నవాళ్లని 15 రోజుల్లో వదిలెయ్యండి, లేకపోతే వెలి అని ఆజ్ఞ ఇచ్చాడు, పదిహేడేళ్లకే, 1452లో, పోప్ ఐదో నికోలస్ పోర్చుగల్ రాజుకి ముస్లింలని, క్రైస్తవులు కానివాళ్లని జయించి శాశ్వత బానిసలుగా చేసుకునే అధికారం రాసిచ్చాడు. క్రైస్తవ రాజులు కనిపెట్టిన నేల వాళ్లదే అని ఆ కాగితాల మీద కట్టిన సిద్ధాంతాన్ని వాటికన్ బహిరంగంగా కాదని చెప్పింది 2023 మార్చిలో. పదిహేడేళ్లలో కాలం మారిపోయిందా?

చీకటే అన్న పాఠకుడికి కూడా ఒకటి చూపించాలి. ఆకలితో చావబోయేవాడు, వేరే దారి లేక, ఇంకొకడి దగ్గరున్న తిండి తీసుకుంటే అది దొంగతనమా అని అడిగి, కాదు, అంత అవసరంలో అన్నీ అందరివీ అని జవాబు చెప్పింది ఈ అక్వినాసే. యూదుల బిడ్డలకి తల్లిదండ్రులకి ఇష్టం లేకుండా జ్ఞానస్నానం ఇవ్వొచ్చా అంటే ఇవ్వకూడదు, బుద్ధి వచ్చేదాకా బిడ్డ తల్లిదండ్రుల సంరక్షణలోనే ఉండాలి, అది సహజ న్యాయం అన్నాడు. విశ్వాసం అనేది మనసుకి సంబంధించింది కాబట్టి ఎన్నడూ నమ్మనివాడిని బలవంతపెట్టకూడదు అని కూడా అన్నాడు. అయితే ఒకసారి జ్ఞానస్నానం తీసుకున్నవాడు మాట ఇచ్చినట్టే కాబట్టి అతన్ని బలవంతపెట్టొచ్చు అంటాడు, అక్కడే నాకు ఆయనతో పడదు. జ్ఞానస్నానం తీసుకున్నది వారం రోజుల పసికందుగా ఉన్నప్పుడు కదా, ఆ బిడ్డ ఎవరికి ఏ మాట ఇచ్చింది? ఇంత పెద్ద మేధావి ఈ ఒక్క ప్రశ్న దగ్గర ఆగి ఉంటే ఎన్ని ప్రాణాలు మిగిలేవో.

దాని ఫలితం మధ్యయుగాలతో ఆగిపోలేదు కూడా. 1858లో బొలోన్యాలో, పోప్ పాలనలోనే ఉన్న ఊరు అది, ఎడ్గార్డో మోర్తారా అనే ఆరేళ్ల యూదుల పిల్లవాడిని పోలీసులు ఇంట్లోంచి తీసుకెళ్లిపోయారు. పసితనంలో జబ్బు చేస్తే పనిమనిషి ఎవరికీ చెప్పకుండా జ్ఞానస్నానం ఇచ్చిందట, చెల్లింది కాబట్టి వాడు క్రైస్తవుడు, కాబట్టి యూదుల ఇంట్లో పెరగకూడదు. అమ్మానాన్నలు ఎంత తిరిగినా, యూరప్ అంతా గొడవ చేసినా పోప్ తొమ్మిదో పయస్ ఇవ్వలేదు. తల్లిదండ్రుల హక్కు గురించి అక్వినాస్ రాసింది వాళ్ల దగ్గరే ఉంది, ఆరు వందల ఏళ్ల నుంచీ ఉంది, అది పక్కన పెట్టి, జ్ఞానస్నానం తీసుకున్నవాడిని బలవంతపెట్టొచ్చు అనే రెండో నియమం పట్టుకున్నారు.

అందుకని ఎడిటర్ గారూ, ఇంకోసారి ఈ విషయం వేసేటప్పుడు తగలబెట్టొచ్చు అన్నవాడి మాట వేస్తే వద్దు అన్న వాజో మాట కూడా పక్కనే వెయ్యండి, 1252 ఆజ్ఞ వేస్తే 866 ఉత్తరం కూడా వెయ్యండి. మా ఫాదర్లు, క్యాటెకిజం అంటే పిల్లలకి మతబోధ చెప్పే టీచర్లు మీ పేపర్ చదువుతారు, పిల్లలు ఈ ప్రశ్నలు అడిగితే ఆ కాలం అలాంటిది అని దాటేస్తున్నారు, వాళ్ల చేతికి ఈ పేర్లు అందాలి అని నా కోరిక.

ఇట్లు
మీ పాఠకుడు